కార్యదర్శి చేతులు కడుక్కున్నాడట

నర్సింగు చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా సతాయించిన పేషెంటు ఎవరు?" తాగొచ్చి గొడవ చేసినవాడో, సూది చూసి గోడ దూకినవాడో అయి ఉంటాడని వాళ్ళ ఊహ. నేను చెప్పే మనిషి అలాంటివాడు కాదు. ఎవరినీ ఒక్క మాట అనడు. నవ్వుతూ ఎదురొస్తాడు. కనిపించిన ప్రతివాడికీ చెయ్యి కలుపుతాడు. నా తలలో సగం వెంట్రుకలు ఆ చెయ్యి కలపడం వల్లనే తెల్లబడ్డాయి.

ముందే ఒక మాట చెప్తాను. ఈ ముచ్చటలో ఆయన చనిపోడు. చాలా ఏళ్ళు బతికాడు. రాష్ట్రం వచ్చిన రోజు గోదావరిఖని చౌరస్తాలో జనం రంగులు చల్లుకుంటుంటే, ఆయన ఇంట్లో తలుపేసుకుని డయాలసిస్ బ్యాగు మార్చుకుని, ఆ తర్వాతే వెళ్ళి ఊరేగింపులో కలిశాడు. కాబట్టి మీరు నిశ్చింతగా వినొచ్చు. పడాల్సిన కంగారంతా అప్పట్లో నేనే పడ్డాను.

అది రాష్ట్రం రావడానికి కొన్నేళ్ళ ముందు. నేను బొగ్గు గనుల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మా నాన్న కూడా గనిలో దిగినవాడే. పుట్టింది, చదివింది, పెళ్ళయింది అన్నీ ఆ కాలనీల మధ్యనే. కిడ్నీలు చెడిపోయినవాళ్ళు ఇంట్లోనే డయాలసిస్ చేసుకునే పద్ధతి అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. నేర్చుకుని రమ్మని నన్ను హైదరాబాదు పంపారు. తిరిగొచ్చాక నాకంటూ ఒక గది ఇచ్చారు. అంతకుముందు దాంట్లో విరిగిన చక్రాల కుర్చీలు పెట్టేవాళ్ళు. నేను కుర్చీలు బయట పెట్టించి, గోడలకు సున్నం వేయించి, సబ్బు పెట్టుకుని పేషెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

పద్ధతి చెప్పడానికి తేలిక. కడుపులోకి ఒక సన్న గొట్టం వేస్తారు. దాని కొస బొడ్డు పక్కనుంచి బయటికి ఉంటుంది. దానికి బ్యాగు తగిలించి, లోపలున్న పాత నీళ్ళు బయటికి వదిలి, కొత్త మందునీళ్ళు లోపలికి ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. ఒంట్లోని చెడంతా ఆ నీళ్ళలోకి దిగుతుంది. కరీంనగర్‌కు, హైదరాబాదుకు మిషను కోసం తిరగక్కర్లేదు. కావలసిందల్లా తలుపులు మూసిన గది, ఆపేసిన ఫ్యాను, ముక్కుకూ మూతికీ మాస్కు, సబ్బుతో తీరిగ్గా కడిగి తుడుచుకున్న చేతులు. గొట్టం తెరిచి ఉన్న ఆ కాసేపట్లో చేతిమీది క్రిమి లోపలికి పోయిందా, కడుపంతా పుండే. బయటికొచ్చిన నీళ్ళు తేటగా, వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపించేట్టు ఉండాలి. కల్లులాగా తెల్లగా వచ్చాయంటే దవాఖానకు పరుగెత్తాలి.

నాకు దొరికిన మొదటి పేషెంటు ఒక గనికి యూనియన్ కార్యదర్శి. వయసులో ఉన్నప్పుడు భూగర్భంలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గెత్తి టబ్బులు నింపినవాడు. ఆ తర్వాత పైన ల్యాంపు రూంలో, దిగేవాళ్ళకు లైట్లు ఇచ్చే పనిలోకి వచ్చాడు. బీపీని ఏళ్ళ తరబడి ఖాతరు చేయకపోవడంతో కిడ్నీలు పోయాయి. ఆయన అరచెయ్యి చేటంత ఉండేది. ఆ చేత్తో ఎదుటివాడి చెయ్యి పట్టుకుని, ఇంట్లో అందరి మంచిచెడ్డలు అడిగేదాకా వదిలేవాడు కాదు.

"అన్నా, ఇగ నుంచి చెయ్యియ్యకు. దండం పెట్టరాదే," అన్నాను మొదటి రోజే.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "చెల్లె, దండం మేనేజర్‌కు పెడ్తరు. కార్మికునికి చెయ్యియ్యాలె. గిది తెల్వకనే పక్క యూనియనోల్లు ఓడిపోయిన్రు."

ఆ పక్క యూనియన్‌కు ఆ గనిలో నాయకుడు ఎవరనుకున్నారు? ఆయన భార్య సొంత తమ్ముడు. పొద్దున గేటు దగ్గర బావను మైకులో దులిపేసి, మధ్యాహ్నం అక్క ఇంట్లో కూర్చుని అన్నం తినేవాడు. ఎవరికీ అదేమీ వింతగా ఉండేది కాదు.

ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి. అందుకే కార్యదర్శి నాకొక షరతు పెట్టాడు. కడుపులో గొట్టం సంగతి బయట పొక్కకూడదు. "కడుపుల పైపు ఉన్నోడు మన కోసం ఏం కొట్లాడుతడు అంటరు చెల్లె. గ్యాస్ ట్రబులని చెప్పిన. గట్లనే ఉండనీ." ఆ ఇంట్లో తెలిసింది భార్యకు, బావమరిదికి మాత్రమే. ఆయన నాకు అన్న, ఆమె వదిన. వదిన తమ్ముడి చేత తన నెత్తిమీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించింది.

నా గదిలో ఆయన పాఠం చక్కగా నేర్చుకున్నాడు. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు, ఒక్కటీ వదలకుండా కడిగేవాడు. అలాంటి మనిషి నెల తిరగకముందే కడుపు పట్టుకుని వచ్చాడు. బ్యాగు ఎత్తి చూస్తే కల్లు ముంత చూసినట్టే ఉంది.

"చేతులు కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

"సబ్బుతోనేనా?"

"ఒట్టు చెల్లె. కావాలంటె మీ వదినను అడుగు."

మందులతో అది తగ్గాక, ఇంట్లో ఎలా చేస్తాడో చూద్దామని వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. వాకిట్లో కుళాయి. కుళాయి దాటితే అరుగు, అరుగు దాటితే గది. ఆయన కుళాయి దగ్గర బ్రహ్మాండంగా చేతులు కడిగాడు. లోపలికొచ్చి శుభ్రమైన తువ్వాలుతో తుడుచుకున్నాడు. మాస్కు కట్టుకున్నాడు. ఇంతలో బయటినుంచి ఎవరో "అన్నా!" అని పిలిచారు. ఈయన తలుపు తీశాడు. మాస్కు గడ్డం కిందికి లాగాడు. వచ్చినవాడికి చెయ్యి కలిపాడు, భుజం తట్టాడు, "జర కూసో, వస్త" అన్నాడు. తలుపు మూసి, మాస్కు పైకి లాగి, తిన్నగా గొట్టం మూత తీయబోయాడు.

"ఆగన్నా!" అని నేను అరిచిన అరుపుకు బయటివాడు లేచి వెళ్ళిపోయాడు.

"ఏమైంది? ఇప్పుడే గదా కడుక్కున్న, నీ ముంగటనే!"

ఆయన లెక్కలో చేతులు కడుక్కోవడమంటే స్నానం లాంటిది. ఒకసారి అయిందంటే అయినట్టే. కడిగాక ఆ చేతులు గొట్టానికి తప్ప ఇంకెవరికీ చెందవని మళ్ళీ మొదటినుంచి చెప్పాను. పోయినసారి లోపలికి పోయిన క్రిమి ఎవరి చేతిదో, ఎంతమంది చేతులదో ఆలోచించుకోమన్నాను. ఆయన నిజంగానే భయపడ్డాడు. వదిన అంతకన్నా ఎక్కువ భయపడింది. బ్యాగు మార్చే టైముకు గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కదా. నిజం చెప్పడానికి లేదు. వదిన తనకు తోచింది చెప్పింది.

"పూజల ఉన్నడు."

దేవుడూ లేడు దయ్యమూ లేదని మైకులో చెప్పే మనిషి రోజుకు నాలుగుసార్లు తలుపేసుకుని పూజ చేస్తున్నాడు! రెండు వారాల్లో కాలనీ అంతా ఇదే ముచ్చట. ఇది విని నేను కడుపుబ్బా నవ్వాను. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు.

ఎందుకంటే కార్యదర్శి భయం ఇంకో దారి పట్టింది. నేను చెప్పింది బ్యాగు మార్చే ముందు కడుక్కోమని. ఆయనకు వినపడింది చెయ్యి కలిపినప్పుడల్లా కడుక్కోమని. చొక్కా జేబులో సబ్బు డబ్బీ పెట్టుకుని తిరిగేవాడు. గేటు దగ్గర పదిమందికి చెయ్యివ్వడం, క్యాంటీను కుళాయి దగ్గరికి పోయి నురగ వచ్చేట్టు రుద్దుకోవడం. మళ్ళీ పదిమంది, మళ్ళీ కుళాయి. చూసేవాళ్ళు చూశారు. ఇంట్లో పూజలు, బయట చేతులు కడుక్కోవడం, రెండూ కలిపి చూసుకున్నారు. ఎన్నికల వేళ కదా, పక్క యూనియన్‌లో ఎవడో మాట పుట్టించాడు:

"కార్యదర్శి మడి కట్టిండు. మనల తాకినంక చేతులు కడుక్కుంటున్నడట."

మాట షిఫ్టు షిఫ్టుకూ లోపలికి దిగింది, షిఫ్టు షిఫ్టుకూ పైకి వచ్చింది. శ్రీరాంపూర్‌లో ఉన్న మా చెల్లెలు కూడా ఫోను చేసి అడిగింది, నిజమేనా అని.

ఆ మాట తగలకూడని చోట తగిలింది. కార్యదర్శికి ఒక పాత జోడీ ఉండేవాడు. కుర్రతనంలో ఇద్దరూ కలిసి టబ్బులు నింపారు. ఒకడు చెమ్మస్‌తో ఎత్తితే ఒకడు తట్ట మోసేవాడు. ఆ జోడీ వాళ్ళ ఊళ్ళో హోటలు బయట నిలబడి, వేరే గ్లాసులో టీ తాగిన తరం మనిషి. గనిలోకి వచ్చాక కార్యదర్శి గిన్నెలోనే తిన్నాడు. మా నాన్నదీ అదే వాడ, అదే తరం. అందుకే ఆ మాట ఆయనలో ఎంత లోతుకు దిగి ఉంటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఒక పొద్దున గేటు దగ్గర కార్యదర్శి ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. జోడీ తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దులే. మల్ల నీకు సబ్బు ఖర్సు," అని షిఫ్టుకు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం వదిన తమ్ముడికి వెంటనే అన్నం పెట్టలేదు. కంచం వేసి, గరిటె పట్టుకుని నిలబడింది.

"నీ మనుషులు గింత మాట అంటుంటె నువ్వేం జేస్తున్నవ్‌రా?"

"నేనేం జెయ్యాలక్కా? అది అబద్ధం అని చెప్పాలె. అబద్ధమైతె ఎందుకు కడుక్కుంటుండని అడుగుతరు. ఏమని చెప్పాలె? ఎవ్వలకు చెప్పద్దని నువ్వే ఒట్టు పెట్టిచ్చినవ్!"

వదిన అన్నం వడ్డించింది కానీ, కూర వేయలేదు.

కార్యదర్శి తనకు తోచిన ఉపాయం చేశాడు. ఆదివారం కోడిని కోయించి, జోడీతో సహా పాతవాళ్ళందర్నీ ఇంటికి పిలిచాడు. అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు. జోడీ కూడా ఈసారి చెయ్యిచ్చాడు. సరిగ్గా అప్పుడే బ్యాగు మార్చే టైమైంది. వదిన వంటింట్లో ఉంది. కుళాయి వాకిట్లో, అందరి కళ్ళముందు. కార్యదర్శి లేచాడు. జోడీ చూపు కుళాయి మీద ఉంది. కార్యదర్శి కుళాయిని చూశాడు, జోడీని చూశాడు. భుజం మీది తువ్వాలుకు చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఇదంతా ఆయన నాకు వార్డులో, జ్వరంతో వణుకుతూ చెప్పాడు. ఈసారి నీళ్ళు మరీ చిక్కగా వచ్చాయి. మా డాక్టరు చిన్నవాడు, యూనియన్ నాయకులంటే కొంచెం జంకేవాడు. ఆ రోజు మాత్రం జంకలేదు. మందుకు లొంగకపోతే గొట్టం తీసేయాల్సిందే, ఆ తర్వాత మిషను చుట్టూ తిరగాల్సిందే, అసలు ప్రాణం అంతదాకా ఆగుతుందో లేదో కూడా చెప్పలేనన్నాడు.

నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. "నీకేమన్న సోయి ఉన్నదా అన్నా? గంత నేర్పిస్తె తువ్వాలుకు తుడుచుకొని పోతవా?"

ఆయన కళ్ళు మూసుకునే అన్నాడు. "కడుక్కుంటె వాడు పోతడు చెల్లె. కడుక్కోకుంటె నేను పోత. ఏం జెయ్యాలె నువ్వే చెప్పు."

"ఉన్నదున్నట్టు చెప్తె ఇద్దరు ఉంటరు," అన్నాను.

మందులు బ్యాగుల్లో కలిపి ఎక్కించాం. నేను రోజూ ఆ బ్యాగు వెనక పేపరు పెట్టి చూసేదాన్ని. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత పెద్ద అక్షరాలు మసకగా కనపడ్డాయి. చివరికి ఒక పొద్దున బసంత్‌నగర్‌లో లారీ బోల్తా పడిన చిన్న వార్త తలకట్టుతో సహా చదవగలిగాను. ఒకరి లారీ బోల్తా పడ్డ వార్త చదివి నేను అంత సంతోషపడటం చూసి వార్డులో అందరూ విస్తుపోయారు.

ఇంటికి పంపిన వారానికే గేటు మీటింగు. పోవద్దని డాక్టరు, పోవద్దని నేను. "నువ్వే చెప్పమంటివి. చెప్పాలంటె పోవాలె గదా," అన్నాడు ఆయన. వదిన నా చెయ్యి పట్టుకుని, నువ్వన్నా వెంట ఉండు సిస్టరమ్మా అంది. నర్సు డ్రెస్సులో, గని గేటు దగ్గర, షిఫ్టు దిగిన మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే ఆడమనిషిని. బొగ్గు ముఖాలన్నీ ముందు నన్ను చూశాయి, తర్వాత ఆయన్ను.

ఆయన మైకు పట్టుకున్నాడు.

"అన్నలారా, తమ్ములారా. నేను చేతులు కడుక్కుంటున్నది నిజమే," అన్నాడు. జనంలో గుసగుస. "గ్యాస్ ట్రబులన్న, అది అబద్ధం. పూజ అనుకున్నరు, అదీ అబద్ధం. నా రెండు కిడ్నీలు ఖరాబైనయి. కడుపుల పైపున్నది. దానితోనే బతుకుతున్న. మైలపడ్తనని కాదు నేను కడుక్కునేది, సస్తనని."

"రేపు ఇంకోటి చెప్తడు!" అని ఎవడో అరిచాడు. "ఓట్ల కోసం నాటకం!"

వెనకనుంచి బావమరిది గొంతు వినపడింది. "నాటకం గాదురా! నాకు ఎరుక. మా అక్క మీద ఒట్టు ఉండె, అందుకే నోరు మూసుకున్న." పక్క యూనియన్ వాళ్ళు తమ నాయకుణ్ణే నోరెళ్ళబెట్టి చూశారు.

అయినా నమ్మరేమోనని కార్యదర్శి చొక్కా పైకెత్తాడు. పొట్టమీద ప్లాస్టరు, దాని కింద చుట్టి పెట్టిన తెల్ల గొట్టం. జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. షిఫ్టు దిగి ఇంకా కడుక్కోని నల్లటి చేతులు, ఇదేందన్నా, గిదేంది, నొప్పి లేస్తదా అంటూ గొట్టం వైపు చాచారు. నేను ఎగిరి ఆయన ముందుకు దూకాను.

"ముట్టుకోవద్దు! ఎవ్వలు ముట్టుకోవద్దు!"

మైకు పక్కనే ఉంది. నా మాట గేటు దాటి, క్యాంటీను దాటి, రోడ్డు దాకా మోగింది. చాచిన చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏ అపవాదు తుడుచుకోవడానికి మీటింగు పెట్టారో, ఆ మీటింగులో మైకులో నేను అన్న మాట అది.

"అట్ల గాదు," అన్నాను. "సబ్బుతోని కడుక్కోకుంట ఆ పైపును నేను గూడ ముట్టుకోవద్దు. డాక్టర్ ముట్టుకోవద్దు. జీఎం సాబొచ్చినా ముట్టుకోవద్దు."

"జీఎం సాబు గూడనా?" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"ఆయన గూడ."

"గట్లయితె సరే," అన్నాడాయన ఎంతో తృప్తిగా. ఎవరో నవ్వారు. నవ్వు వెనక వరసలదాకా పాకింది. చాచిన చేతులన్నీ నెమ్మదిగా కిందికి దిగాయి.

నవ్వనివాడు ఒక్కడే, జోడీ. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ సంది?"

"నాలుగైదు నెలలు," అన్నాడు కార్యదర్శి.

"బామ్మర్దికి ఎరుక. నాకు ఎరుక లేదు." అంత మాత్రమే అని, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అంటరానితనం మాట పోయింది కానీ, దాని చోట ఇంకో దెబ్బ తగిలింది.

ఎన్నికల్లో ఆ గనిలో కార్యదర్శి యూనియన్ ఓడిపోయింది. నిజం చెప్పిన సానుభూతితో గెలిచాడని చెప్పాలని నాకూ ఉంది. గెలిచింది బావమరిది. సొంత యూనియన్‌కు నష్టమైనా నిజం చెప్పాడని జనం ఆయనకే ఓట్లు వేశారట. ఓట్ల సంగతి ఎవరికి అర్థమవుతుంది!

ఫలితం వచ్చిన మర్నాడు నేను గొట్టం చోటు చూడటానికి క్వార్టరుకు వెళ్ళాను. అంతకుముందు అరుగు మీద మనుషులు లేని రోజు లేదు. ఆ రోజు చెప్పులు ఒక్క జత కూడా లేవు. వదిన పీట తీసి మూలన పెట్టింది. "ఇయ్యాల కావలి ఎందుకు సిస్టరమ్మా, ఎవలొస్తరు?" అంది. కార్యదర్శి కుళాయి దగ్గర తీరిగ్గా చేతులు కడుక్కున్నాడు. ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆపలేదు. నేను కోరుకున్నట్టుగా, పుస్తకంలో రాసినట్టుగా బ్యాగు మార్చుకున్నాడు. అంత శుభ్రంగా ఆయన చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. చూస్తుంటే నాకే బాగోలేదు.

ఆయన మాస్కు తీసి బయటికొచ్చేసరికి అరుగు మీద జోడీ కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపు ఆగాడో. తలుపు కొట్టలేదు, పిలవలేదు. ఈయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గెలిచినోనికి అందరు చెయ్యిస్తున్నరు ఆడ," అన్నాడు ఎటో చూస్తూ. "ఓడినోనికి ఇద్దామని వచ్చిన. తర్వాత కడుక్కుంటవో లేదో నీ ఇష్టం."

కార్యదర్శి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మామూలుగా అయితే ఇంట్లోవాళ్ళ మంచిచెడ్డలు అడిగి వదిలేవాడు. ఆ రోజు ఏమీ అడగలేదు, వదలనూ లేదు. ఇద్దరూ అలాగే అరుగు మీద కూర్చున్నారు. వదిన టీ తెచ్చింది. కుడిచేతులు ఖాళీ లేక ఇద్దరూ ఎడమచేత్తోనే గ్లాసులు అందుకున్నారు. వదిన నా వైపు భయంగా చూసింది, ఏమంటానో అని.

నేను ఏమీ అనలేదు. తర్వాతి బ్యాగుకు ఇంకా చాలా టైముంది.